నోరు పెగలని చదువు

మార్కులకు కొదవ లేదు, శిక్షణ సంస్థలకు లోటు లేదు. అయినా నలుగురి ముందు నిలబడితే పట్టభద్రులు తడబడుతున్నారు. చిక్కు ఇంగ్లీషుతో కన్నా మాట్లాడే వంతు దొరక్కపోవడంతోనే ఎక్కువ.

టేబుల్ మీద మడతపెట్టిన చిట్టీలు ఉంటాయి. ఒకటి తీయాలి. అందులో ‘వాన’ అనో, ‘సెల్‌ఫోన్’ అనో, ‘మా ఊరు’ అనో రాసి ఉంటుంది. ఆలోచించుకోవడానికి కొద్ది క్షణాలు, ఇంగ్లీషులో మాట్లాడటానికి సరిగ్గా ఒక నిమిషం. ప్రాంగణ నియామకాల సీజన్‌లో ఇంజనీరింగ్ కాలేజీల్లో ‘జామ్’ పేరుతో జరిగే తంతు ఇది. ‘జస్ట్ ఎ మినిట్’కు పొట్టిపేరు. రాతపరీక్షలోనూ కోడింగ్‌లోనూ గట్టెక్కిన కుర్రాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడుతుంటారు. ‘గుడ్ మార్నింగ్’ అయ్యాక పేరు, ఊరు, నాన్న చేసే పని, తన ఆశయం... బట్టీపట్టిన నాలుగు వాక్యాలూ అయిపోతాయి. గడియారంలో ఇంకా నలభై సెకన్లు మిగిలే ఉంటాయి. గొంతు తడారిపోతుంది. ఎదుట కూర్చున్న అధికారి కాగితం మీద ఏదో గీసి తర్వాతి పేరు పిలుస్తాడు. ఫీజుల కోసం పొలం తాకట్టు పెట్టిన ఇంటికి ఆ నలభై సెకన్ల మౌనం ఖరీదు ఒక ఉద్యోగం.

తమాషా ఏమిటంటే ఇదే పేరుతో బీబీసీ రేడియో 1967లో ఒక హాస్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఇచ్చిన అంశం మీద తడుముకోకుండా, చెప్పిందే చెప్పకుండా, పక్కదారి పట్టకుండా నిమిషంపాటు మాట్లాడాలి. తప్పు దొర్లితే ప్రత్యర్థి గంట కొట్టి ఆ అంశాన్ని లాక్కుంటాడు. మాటలే వృత్తిగా బతికే హాస్యనటులు సైతం అక్కడ నిమిషం నిండకుండానే దొరికిపోతుంటారు. శ్రోతలకు వినోదం అదే. అక్కడ నవ్వులాటగా సాగినది ఇక్కడ జల్లెడ అయింది.

ఈ జల్లెడను దాటిస్తామనే వాళ్లకు కరువేమీ లేదు. హైదరాబాద్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల సందుల్లోంచి స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ బోర్డులు తొంగిచూస్తుంటాయి. వ్యక్తిత్వ వికాసం తెలుగునాట పెద్ద వ్యాపకంగా మారి చాలాకాలమే అయింది. నవలా రచయిత యండమూరి వీరేంద్రనాథ్, ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకున్న బి.వి. పట్టాభిరామ్ వంటివారు ఆ బాట పట్టాక పుస్తకాల షాపుల్లో దానికంటూ ఒక అరే ఏర్పడింది. కాకపోతే ఈ బజారులో అమ్ముడయ్యే సరుకంతా మేలిరకం కాదు. శిక్షణ తరగతుల్లో తరచు వినిపించే లెక్క ఒకటుంది: వక్త చెప్పేదానిలో మాటల విలువ 7 శాతమేనట, గొంతుది 38, హావభావాలది 55. ఈ అంకెల మూలం అమెరికన్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాలు. ఆయన పరిశీలించింది ఉపన్యాసాలను కాదు. విడివిడి పదాలను వేర్వేరు స్వరాల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, మాటకూ స్వరానికీ ముఖానికీ పొంతన కుదరనప్పుడు అవతలి మనిషి ఇష్టాయిష్టాలను జనం దేన్నిబట్టి ఊహిస్తారన్నది చూశారు. అంతకుమించి తన లెక్కను సాగదీయవద్దని ఆయనే చెప్పుకోవలసి వచ్చింది. మాటల విలువ 7 శాతమే అయితే తెలియని భాషలో ఉపన్యాసం విన్నా 93 శాతం అర్థం కావాలి. ఈ చిన్న అనుమానం ఆ తరగతుల్లో ఎవరికీ వచ్చినట్టు లేదు.

ప్రభుత్వాలూ విశ్వవిద్యాలయాలూ చేతులు ముడుచుకుని కూర్చున్నాయనలేం. జేఎన్‌టీయూ సిలబస్‌లో కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ చేరి ఏళ్లయింది. జామ్, బృంద చర్చ, ప్రెజెంటేషన్, మాక్ ఇంటర్వ్యూ అన్నీ అందులో ఉన్నాయి, కాగితం మీద. తరగతిలో అరవైమంది ఉంటారు. రెండు గంటల ల్యాబ్‌ను పూర్తిగా మాటలకే కేటాయించినా ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు. హాజరు, రికార్డుల మీద సంతకాలు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విదేశీ ఉచ్చారణ వినడం పోను మిగిలేదెంత? చివరికి ముందు వరుసలోని నలుగురైదుగురే ప్రతిసారీ మాట్లాడతారు. తక్కినవాళ్లు చప్పట్లు కొడతారు. ఈత గురించి ఎంత చదివినా నీళ్లలో దిగనివాడికి ఈత రానట్టే, మాట్లాడే వంతు రానివాడికి మాట్లాడటం రాదు.

ఆ వంతు ఒకప్పుడు ఇప్పటికన్నా కాస్త ఎక్కువగా దొరికేది. ఉమ్మడి రాష్ట్రంలో విశ్వవిద్యాలయాల విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. ఘర్షణలు జరుగుతున్నాయన్నది చెప్పిన కారణం. అందులో నిజం లేకపోలేదు. అయితే పోయింది ఘర్షణలొక్కటే కాదు. క్యాంటీన్ ముందు బల్ల ఎక్కి, ఈలలు వేసేవాళ్లను ఒప్పించి, ఓటు అడగాల్సిన అవసరమూ వాటితోపాటే పోయింది. ఉపరాష్ట్రపతి పదవి దాకా వెళ్లిన ఎం. వెంకయ్యనాయుడు 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘం అధ్యక్షుడు. ప్రాసలతో సభను కట్టిపడేసే ఆయన ధోరణి ఏ శిక్షణ సంస్థా నేర్పింది కాదు. ఇక ఇంటర్మీడియట్ రెండేళ్లూ తెల్లవారుజాము స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే కార్పొరేట్ కాలేజీల్లో మాట్లాడటం క్రమశిక్షణ తప్పడం కిందే లెక్క. బడిలో మిగిలింది ఆగస్టు 15 వక్తృత్వ పోటీ. ‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థులకు’ అంటూ మాస్టారు రాసిచ్చినది ఏకబిగిన అప్పజెప్పి, మధ్యలో ఒక ముక్క మర్చిపోతే మళ్లీ మొదటికొచ్చే పోటీ. ఆడపిల్లలకైతే ఇంటి దగ్గరే సగం శిక్షణ పూర్తవుతుంది. ‘నోరున్న పిల్ల’ అన్నది మన వాడుకలో మెచ్చుకోలు కాదు కదా.

సభాకంపం పుట్టుకతో వచ్చే లోపమనీ, వాగ్ధాటి కొందరికే దక్కే వరమనీ నమ్మేవాళ్లు గాంధీజీ ఆత్మకథ మరోసారి తిరగేయవచ్చు. లండన్‌లో బారిస్టరీ చదువుతూ శాకాహార సంఘం కమిటీలో చేరిన ఆయన ఒక ముఖ్యమైన చర్చలో తన అభిప్రాయాన్ని కాగితం మీద రాసుకెళ్లారు. తీరా లేచి చదవలేకపోతే వేరేవాళ్లు చదివి వినిపించారు. స్వదేశానికి తిరిగొచ్చాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో దొరికిన మొదటి కేసుకు పుచ్చుకున్న ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచేసరికి తల గిర్రున తిరిగింది, ఒక్క ప్రశ్నా తోచలేదు. కూర్చుండిపోయి, కేసు మరో వకీలుకు అప్పగించమని చెప్పి బయటపడ్డారు. ఆ వకీలు తీసుకున్నది 51 రూపాయలు.

అదే మనిషి 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల సమావేశంలో నిలబడి మాట్లాడారు. తన జీవితంలో అదే మొదటి బహిరంగ ప్రసంగమని ఆయనే రాసుకున్నారు. ఈ మధ్యలో ఆయన ఏ తరగతికీ వెళ్లలేదు. మారింది సందర్భం. రైలు పెట్టెలోంచి గెంటించుకుని వచ్చిన మనిషికి చెప్పాల్సినదొకటి ఉంది, వినాల్సినవాళ్లు ఎదురుగా ఉన్నారు. వ్యాపారంలో నిజాయితీ అనే విషయాన్ని ముందే సిద్ధం చేసుకుని వెళ్లారు. ఆ సమావేశాలు క్రమంగా జరగసాగాయి, అంటే మాట్లాడే వంతు మళ్లీ మళ్లీ వచ్చింది. ఇంగ్లీషు రానివాళ్లకు నేర్పుతానని ఆయన ముందుకొస్తే ముగ్గురు చేరారు: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిల్లర దుకాణదారు. వాళ్ల వీలునుబట్టి వాళ్ల దగ్గరికే వెళ్లి నేర్పారు. అయినా బెరుకు ఒక్కసారిగా పోలేదు. 1901 కలకత్తా కాంగ్రెస్‌లో దక్షిణాఫ్రికా తీర్మానం మీద మాట్లాడుతుండగా అధ్యక్షుడు దిన్షా వాచా గంట కొట్టారు. ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయన్న హెచ్చరిక అది. ముగించమంటున్నారనుకుని గాంధీ నొచ్చుకుని కూర్చుండిపోయారు. అప్పటికి ప్రిటోరియా సభ జరిగి ఎనిమిదేళ్లు.

వంతు మహిమను వ్యాపారంగా మార్చిన మొదటివాళ్లలో డేల్ కార్నెగీ ఒకడు. 1912లో న్యూయార్క్ వైఎంసీఏలో తరగతి మొదలుపెట్టిన ఆయన దగ్గర చెప్పాల్సిన సరుకు మధ్యలోనే అయిపోయిందట. ఏం చేయాలో తోచక, మీకు కోపం తెప్పించిన విషయం ఏదైనా లేచి చెప్పండని విద్యార్థులను అడిగాడు. ఆశ్చర్యం, జనం జంకు లేకుండా మాట్లాడారు. చెప్పాలన్న ఉక్రోషం భయాన్ని మింగేసింది. పుష్కరం తర్వాత 1924లో కాలిఫోర్నియా సాంటా అనాలో, అదీ వైఎంసీఏలోనే, రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లోనూ ఈ క్లబ్బులు కనిపిస్తాయి. అక్కడ గురువు ఉండడు, వంతులుంటాయి. సిద్ధపడి వచ్చిన ప్రసంగానికి ఐదు నుంచి ఏడు నిమిషాలు, అప్పటికప్పుడు ఇచ్చిన అంశానికి ఒకటి రెండు నిమిషాలు. టైమర్ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు చూపిస్తాడు. ఇంకొకరు వక్త నోట దొర్లిన ‘ఆ...’, ‘ఊ...’లు లెక్కపెడతారు. మన దగ్గరైతే ఈ పద్దులో ‘అంటే’, ‘ఏంటంటే’, ‘యాక్చువల్లీ’, ‘బేసికల్లీ’ కూడా వేసుకోవాలి. ప్రసంగం అయ్యాక మరో సభ్యుడు రెండు మూడు నిమిషాల్లో బాగోగులు చెబుతాడు, అతనికీ గడువు ఉంటుంది. ఈ పద్ధతి నుంచే వచ్చిన శ్రీలంక యువకుడు ధనంజయ హెట్టియారాచ్చి 2014లో కౌలాలంపూర్‌లో ప్రపంచ విజేతగా నిలిచాడు. కాకపోతే ఈ క్లబ్బులు ప్రధానంగా నగరాలకు, అందులోనూ ఉద్యోగం దొరికినవాళ్లకు అందుబాటులో ఉన్నవి. ఉద్యోగం కోసం నోరు తెరవాల్సినవాళ్లు పాలకొండలోనో వనపర్తిలోనో ఉన్నారు.

భయం సంగతీ కాస్త చూడాలి. గుండె దడ, అరచేతుల్లో చెమట, నాలుక పిడచగట్టడం అన్నీ ప్రమాదం ముంచుకొచ్చిందనుకుని ఒళ్లు చేసుకునే ఏర్పాట్లు. వాటిని నొక్కిపెట్టడం కష్టం. హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, వేదిక ఎక్కేముందు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అని చెప్పుకున్నవాళ్ల కన్నా ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. దడ దడే, దానికి పెట్టుకున్న పేరు మారింది. అంతకన్నా పనికొచ్చేది కెన్నెత్ సవిట్స్కీ, థామస్ గిలోవిచ్‌లు 2003లో తేల్చిన విషయం. తమ కంగారు ఎదుటివాళ్లకు పూర్తిగా కనిపించిపోతోందని వక్తలు అనుకుంటారు, నిజానికి కనిపించేది అంతకంటే చాలా తక్కువ. ఈ సంగతి ముందే చెప్పినప్పుడు వక్తలు ఇంకా బాగా మాట్లాడారు. గది వెనక నుంచి చూస్తే వణికే చెయ్యి కనిపించదు. వణుకుతున్న చెయ్యి గురించి వక్త క్షమాపణ చెబితే మాత్రం అందరూ చూస్తారు.

అసలు ముడి భాష దగ్గర ఉంది. బహుళజాతి కంపెనీకి ఇంగ్లీషు కావాలన్నది కాదనలేని వాస్తవం. కానీ రెండు వేర్వేరు విద్యలను ఒకే గాటన కట్టడంతో చిక్కొస్తోంది. విషయాన్ని పేర్చుకోవడం, ఎదుటివాళ్ల ముఖం చూసి చెప్పడం, గడువులో ముగించడం ఒక విద్య. ఇంగ్లీషు ఇంకొకటి. తెలుగులో రెండు నిమిషాలు కూర్చి చెప్పే అలవాటు లేనివాడిని ఒకేసారి ఇంగ్లీషులో చెప్పమనడం, సైకిల్ తొక్కడం రానివాడి చేతికి లారీ స్టీరింగ్ ఇవ్వడం లాంటిదే. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ సివిల్స్ పరీక్షను తెలుగులో రాశారు. ఇంటర్వ్యూలోనూ అనువాదకుడి సాయంతో తెలుగులోనే జవాబులిచ్చారు. 2016 సివిల్స్‌లో ఆయనది దేశంలో మూడో ర్యాంకు. యూపీఎస్సీ ఇంటర్వ్యూను భారతీయ భాషల్లో ఇవ్వవచ్చన్న నిబంధన అంతకుముందూ ఉంది. వాడుకునే ధైర్యం చేసేవాళ్లే తక్కువ. రాజ్యసభలోనూ 2018 నుంచి 22 భాషల్లోనూ మాట్లాడే ఏర్పాటు ఉంది.

ఇంగ్లీషు ప్రసక్తే లేకుండా మాట నేర్చినవాళ్లను చూడాలంటే పల్లెకు వెళ్లాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణాల మీద మాట్లాడటం మొదలుపెట్టారు. దూబగుంటలో రాజుకున్న ఆ మాట జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. తర్వాత విస్తరించిన డ్వాక్రా సంఘాలు ఆ అలవాటుకు ఒక గాడి వేశాయి. గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరూ పేరు చెప్పుకుంటారు, పొదుపు లెక్క వినిపిస్తారు, తీర్మానం చదువుతారు. భర్తను పేరుపెట్టి పిలవని, పరాయివాళ్ల ఎదుట తన పేరే గట్టిగా చెప్పుకోని మనిషి కొన్నేళ్లు అలా వంతు తీసుకున్నాక బ్యాంకు మేనేజర్‌ను ‘మా అప్పు ఎందుకు ఆపారు సార్?’ అని నిలదీస్తుంది. ఆమె కొడుకు బీటెక్ చదివి ‘జామ్’ రౌండ్‌లో నోరు పెగలక ఇంటికొస్తాడు.

ప్రెజెంటేషన్ అనగానే స్లయిడ్లు గుర్తుకొచ్చే రోజులివి. పవర్‌పాయింట్ 1987లో వచ్చింది, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ దాన్ని తయారుచేసిన కంపెనీని కొనేసింది. తెలుగువాళ్లకు దాని మీద మోజు పెరగడానికి ఒక రాజకీయ ఘట్టం కూడా కారణం. 1997లో ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసిన నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ల్యాప్‌టాప్ తెరిచి ప్రెజెంటేషన్ ఇచ్చారు. కొద్ది నిమిషాలకని అనుకున్న భేటీ చాలాసేపు సాగింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌కు వచ్చింది. స్లయిడ్లు చూసి మాత్రమే వచ్చిందనుకుంటే అమాయకత్వమే. అయినా జిల్లా సమీక్షల నుంచి కాలేజీ సెమినార్ల దాకా అందరికీ స్లయిడ్లు తప్పనిసరయ్యాయి.

అవి ఎంత పని చేయగలవో, ఎంత ముంచగలవో 2003లో తెలిసింది. ఆ జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక పైకి లేచిన సుమారు 82 సెకన్లకు బయటి ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజనీర్లు ప్రమాదాన్ని అంచనా వేసి నాసా అధికారులకు స్లయిడ్లు చూపించారు. ఒక కీలకమైన స్లయిడ్ శీర్షిక చూస్తే భయపడాల్సిందేమీ లేదనిపిస్తుంది. అసలు సంగతి అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది: పరీక్షల్లో వాడినది 3 ఘనపు అంగుళాల ముక్క, రెక్కకు తగిలింది 1920 ఘనపు అంగుళాలని అంచనా. అంటే 640 రెట్లు. పాత పరీక్షలు ఈ దెబ్బకు కొలమానం కావని దానర్థం. ఆ మాట అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలైంది. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతోపాటు ఏడుగురు చనిపోయారు. ప్రమాదానికి కారణం ఫోమ్ దెబ్బే, స్లయిడ్ కాదు. కానీ సాంకేతిక నివేదికలు రాయాల్సినచోట స్లయిడ్లతో సరిపెట్టుకునే అలవాటును దర్యాప్తు మండలి తప్పుపట్టింది. ఆ ఒక్క స్లయిడ్‌ను విప్పిచూపిన గణాంక నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ విశ్లేషణకు తన నివేదికలో చోటిచ్చింది. ఇప్పుడు కృత్రిమ మేధ నిమిషంలో ఇరవై స్లయిడ్లు అందంగా అల్లి ఇస్తోంది. అడుగున పడిపోయిన మాటేదో వెతికి పైకి తేవాల్సిన పని మాత్రం ఇంకా మనిషిదే.

తెలిసినవాడికి తెలియనివాడి ఇబ్బంది పట్టదు. స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ 1990లో ఒక సరదా ప్రయోగం చేశారు. తెలిసిన పాట వరుసను బల్ల మీద వేళ్లతో తట్టాలి, ఎదుటివాళ్లు పాటేమిటో పోల్చుకోవాలి. సగానికి సగం పోల్చుకుంటారని తట్టినవాళ్లు నమ్మకంగా చెప్పారు. 120 పాటల్లో పోల్చుకోగలిగినవి మూడే. తట్టేవాడికి లోపల పాట వినిపిస్తుంటుంది, అవతలివాడికి వినిపించేది టకటక. ఈ ఎడాన్ని పూడ్చే ఏర్పాటు మన బుర్రకథలో ఎప్పటినుంచో ఉంది. షేక్ నాజర్ వంటివారు జనంలోకి తీసుకెళ్లిన ఆ కళలో కథకుడికి ఇరుపక్కలా ఇద్దరు వంతలు. హాస్యం చెప్పే వంత శ్రోతల తరఫున అమాయకంగా ప్రశ్న వేస్తాడు, రెండో వంత కథను ఇవాళ్టి రాజకీయానికి ముడిపెడతాడు. జనం ఎక్కడ తికమకపడతారో అక్కడే కథ ఆగి, విప్పి చెప్పి, ముందుకు సాగుతుంది. అష్టావధానంలోనైతే అవధాని పద్యం అల్లుతుంటే ఏకాగ్రత చెడగొట్టడానికే అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు పక్కన ఉంటాడు. అతనికి చమత్కారంగా జవాబిచ్చి, వదిలిన పాదాన్ని మళ్లీ అందుకోవాలి. కంపెనీ బోర్డురూముల్లో ప్రశ్నల ఘట్టాన్ని ఎలా ఎదుర్కోవాలో నేర్పడానికి వేల రూపాయలు తీసుకునే శిక్షకుల్లో ఎంతమంది ఒక్క అవధానమైనా చూసి ఉంటారో.

వంతులు పెంచడానికి కొత్త భవనాలు, పరికరాలు అక్కర్లేదు. అరవైమంది ఉన్న తరగతిలో రోజుకు ముగ్గురికి చెరో రెండు నిమిషాలు ఇచ్చి, విన్నవాళ్లలో ఒకరిచేత బాగోగులు చెప్పిస్తే పది నిమిషాలు పడుతుంది. ఇరవై పనిదినాల్లో అందరికీ ఒక వంతు వస్తుంది. నాలుగేళ్ల కోర్సులో ముప్ఫై సార్లకు తక్కువ కాదు. మొదటి ఏడాది తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చెప్పించినా ఎవరూ అడ్డుపడరు. ఇప్పటి టైంటేబుల్‌లో ఆ పది నిమిషాలు హాజరు పిలవడానికి పోతుండేవి. అరవైమందిలో ఎక్కువమంది రోజంతా తరగతిలో గట్టిగా పలికే మాట ‘ప్రెజెంట్ సార్’ ఒక్కటే. బయోమెట్రిక్ యంత్రాలు వచ్చిన కాలేజీల్లో అదీ లేదు.